ప్రొపెల్లర్ కొస వంగింది, ఇంజిన్ విప్పించాలా?

ప్రశ్న: మేము ముగ్గురు మిత్రులం కలిసి టెక్సస్‌లో డాలస్ దగ్గరి ఒక చిన్న ఎయిర్‌పోర్టులో 1975 నాటి సెస్నా 172ఎం విమానాన్ని ఉంచుకున్నాం. ఇంజిన్ లైకమింగ్ ఓ-320-ఈ2డీ. చివరి ఓవర్‌హాల్ (ఇంజిన్‌ను పూర్తిగా విప్పి కొత్తదానిలా చేయడం) జరిగి 18 ఏళ్లయింది, ఆ తరువాత 1,640 గంటలు తిరిగింది. పోయిన నెల మాలో ఒకరు విమానాన్ని నేల మీద లాగడానికి ముందు చక్రానికి తగిలించిన కడ్డీని (టో బార్‌ను) తీయడం మరచిపోయి ఇంజిన్ స్టార్ట్ చేశారు. ప్రొపెల్లర్ దానికి కొట్టుకుని బార్ పక్కకు ఎగిరిపడింది. ఇంజిన్ ఆగలేదు గాని క్షణంపాటు ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) పడిపోయింది, వెంటనే ఆపేశారు. ఒక బ్లేడు కొస అర అంగుళం దాకా వెనక్కి వంగింది, రెండో బ్లేడు అంచున లోతైన గంటు పడింది. మా మెకానిక్ ప్రొపెల్లర్ తీసి ఇంజిన్‌లో తిరిగే ఇరుసైన క్రాంక్‌షాఫ్ట్‌కు ముందు కొసన ప్రొపెల్లర్ బిగించే పళ్లెం (ఫ్లాంజ్) మీద, వంపును కొలిచే డయల్ ఇండికేటర్ పెట్టి చూసి, కొలత పరిమితిలోనే ఉందనీ, ప్రొపెల్లర్ బాగుచేయించుకుంటే తాను సంతకం పెడతాననీ అంటున్నారు. ఇంజిన్ 900 ఆర్‌పీఎంలో ఉందిగనుక ఏమీ కాదని ఒక భాగస్వామి వాదన. బ్లేడు కొస మనమే సరిచేసుకోవచ్చని ఇంకొకరి మాట. హైదరాబాద్‌లో ఏఎంఈ (విమాన నిర్వహణ ఇంజినీరు) కోర్సు చదువుతున్న మా బాబాయి కొడుకేమో ఇంజిన్ మొత్తం విప్పాల్సిందే అంటున్నాడు. ఎవరి మాట వినాలి? ఈ సంగతి ప్రభుత్వానికి తెలియజేయాలా? రేపు విమానం అమ్మితే కొనేవారికి చెప్పాలా?

సమాధానం: ముందుగా సూటిగా చెప్పవలసిన మాట ఒకటి ఉంది. ఇప్పుడున్న స్థితిలో ఈ విమానం ఎగరడానికి వీల్లేదు. ప్రొపెల్లర్ బాగుచేయించి బిగించినంత మాత్రాన కూడా వీల్లేదు. ఫ్లాంజ్ కొలత పరిమితిలో ఉన్నదన్న ఒక్క ఆధారంతో విమానాన్ని తిరిగి సేవలోకి విడిచే స్వేచ్ఛ మీ మెకానిక్‌కు లేదు. ఆయన నైపుణ్యాన్ని నేను శంకించడం లేదు. మీ ఇంజిన్‌కు వర్తించే ఒక ఎయిర్‌వర్దినెస్ డైరెక్టివ్, అంటే మెకానిక్‌లు ఏడీ అని పిలిచే తప్పనిసరి ఆదేశం, ఇంకో పనిని కూడా కోరుతోంది. ఆ పని జరిగినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా కనబడలేదు.

ఆ ఆదేశం సంఖ్య 2004-10-14. అమెరికా విమానయాన శాఖ ఎఫ్‌ఏఏ దీన్ని 2004లో జారీ చేసింది. అంతకుముందు 1991 నుండి అమలులో ఉన్న 91-14-22 సంఖ్య ఆదేశం స్థానంలో ఇది వచ్చింది. ప్రొపెల్లర్ నేరుగా క్రాంక్‌షాఫ్ట్‌కు బిగించి ఉండే లైకమింగ్ పిస్టన్ ఇంజిన్లలో కొన్ని మోడళ్లను మినహాయించి తక్కిన అన్నిటికీ ఇది వర్తిస్తుంది. ఓ-320లో హెచ్ శ్రేణికి మినహాయింపు ఉంది, మీ ఈ2డీకి లేదు. ప్రొపెల్లర్ దేనికైనా కొట్టుకున్న సంఘటన, అంటే ప్రొపెల్లర్ స్ట్రైక్, జరిగితే, తిరిగి ఎగిరేలోపు క్రాంక్‌షాఫ్ట్ వెనుక కొసన ఉండే గేరును, దాన్ని కదలకుండా పట్టి ఉంచే చిన్న మేకు వంటి డోవెల్ పిన్నును, బోల్టు రంధ్రపు మరలను, గేరు కూర్చునే గూటిని పరీక్షించాలనీ, పాత బోల్టునూ లాక్ ప్లేటునూ తీసిపారేసి కొత్తవి వేయాలనీ అది చెబుతుంది. మీ మెకానిక్ కొలిచింది క్రాంక్‌షాఫ్ట్ ముందు కొసను. ఆదేశం చూడమంటున్నది వెనుక కొసను. మీ సమస్య అంతా ఈ రెండు కొసల మధ్యనే ఉంది.

ఇక 900 ఆర్‌పీఎం వాదన. అందులో కొంత నిజం లేకపోలేదు. తిరిగే వస్తువులో ఉండే శక్తి దాని వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, 2,700 ఆర్‌పీఎంలో ఉండే శక్తిలో 900 దగ్గర ఉండేది తొమ్మిదో వంతు మాత్రమే. కానీ ఆ తొమ్మిదో వంతు తక్కువేమీ కాదు. మీ విమానపు ప్రొపెల్లర్ వ్యాసం 75 అంగుళాలనుకుంటే, ఇంజిన్ ఐడిల్‌లో 900 చుట్లు తిరుగుతున్నప్పుడు కూడా దాని కొస గంటకు 320 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పోతూ ఉంటుంది. ఆ వేగంతో పోతున్న అల్యూమినియం కొస ఉక్కు కడ్డీకి తగిలింది. కడ్డీ ఎగిరిపోవడం వల్ల దెబ్బలో కొంత భాగం దానితో పోయిందన్నది మీ అదృష్టమే. మిగిలిన భాగం ఎక్కడికి పోయిందో బ్లేడు వంపును చూసి ఎవరూ చెప్పలేరు. బ్లేడు మెత్తగా వంగి దెబ్బను తానే మింగిన సందర్భాలూ ఉన్నాయి, బ్లేడు మీద గంటు తప్ప మరేమీ కనబడకుండా దెబ్బంతా షాఫ్టుకు దిగిన సందర్భాలూ ఉన్నాయి.

ఆదేశంలోని నిర్వచనం ఇందుకే ఆర్‌పీఎం ఎంత, కొస ఎంత వంగింది అన్న లెక్కల జోలికి పోలేదు. ఇంజిన్ నడుస్తున్నా నడవకపోయినా, బ్లేడు అంచును కాస్త ఆకురాయితో సవరించడానికి మించిన మరమ్మతు అవసరమైతే అది ప్రొపెల్లర్ స్ట్రైకే. ఇంజిన్ నడుస్తుండగా గట్టి వస్తువుకు తగిలి ఆర్‌పీఎం పడిపోయి, ప్రొపెల్లర్‌కు మరమ్మతు కావలసివచ్చినా అంతే. నీటికో, ఎత్తుగా పెరిగిన గడ్డికో తగిలి ఆర్‌పీఎం హఠాత్తుగా పడిపోతే, బ్లేడు మీద గీత కూడా లేకపోయినా అదీ స్ట్రైకే. చివరికి ఆగి ఉన్న విమానపు బ్లేడును హ్యాంగర్ తలుపు గుద్దినా, ల్యాండింగ్ గేర్ కుప్పకూలి బ్లేడు వంగినా ఈ నిర్వచనంలోకే వస్తాయి. అలాంటప్పుడు ఫ్లాంజ్ మీదా, ముందు బేరింగ్ మీదా పక్కవాటుగా పడే భారం తీవ్రంగా ఉండవచ్చన్నది ఆదేశమే చెప్పిన కారణం. మీ సంఘటన మొదటి రెండు నిర్వచనాలకూ సరిపోతుంది. కనుక దీని మీద వాదనకు చోటు లేదు.

డయల్ ఇండికేటర్ పరీక్ష వృథా అని నేను అనడం లేదు. అది తప్పకుండా చేయవలసినదే. ప్రొపెల్లర్ తీసి, స్పార్క్ ప్లగ్గులన్నీ విప్పి, క్రాంక్‌కేసుకు గట్టిగా పట్టించిన డయల్ ముల్లును ఫ్లాంజ్ మీద ఆనించి, షాఫ్టును ఒకే వైపుకు నొక్కిపట్టి పూర్తిగా ఒక చుట్టు తిప్పుతూ ముల్లు ఎంత ఊగిందో చూస్తారు. నొక్కిపట్టకపోతే షాఫ్టుకు ముందుకూ వెనక్కూ సహజంగా ఉండే కదలిక కూడా ఆ లెక్కలో కలిసిపోతుంది. పరిమితిని అంగుళంలో వెయ్యో వంతుల్లో చెబుతారు. అది తయారీదారు పట్టికలో ఉంటుంది. మీ మెకానిక్ చూసిన అంకె ఎంత, ఆయన పోల్చుకున్న పరిమితి ఎంత అన్నవి రెండూ కాగితం మీద రాయించుకోండి. ‘బాగానే ఉంది’ అన్న మాట లాగ్‌బుక్‌లో కొలతగా పనికిరాదు.

అయితే ఈ పరీక్ష చెప్పేది ఒక్కటే: ఫ్లాంజ్ వంగి అలాగే ఉండిపోయిందా లేదా అన్నది. దెబ్బ తగిలిన క్షణంలో వంగి, తిరిగి యథాస్థానానికి వచ్చిన షాఫ్టు గురించి అది ఏమీ చెప్పదు. ఫ్లాంజ్ వెనుక మలుపులోనో, మొదటి క్రాంక్ పిన్ను అంచు వంపులోనో వెంట్రుకవాసి పగులు పుట్టి ఉంటే అది ముల్లును కదిలించదు. వెనుక కొసన ఉన్న గేరు సంగతి డయల్‌కు తెలిసే అవకాశమే లేదు.

ఆ గేరు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ఆదేశం పుట్టిందే దాని కోసం. లైకమింగ్ ఇంజిన్‌లో క్రాంక్‌షాఫ్ట్ వెనుక కొసను ఒక గుండ్రని గూడుగా తొలిచి ఉంచుతారు. గేరు అందులో కూర్చుంటుంది. మధ్యలో ఒకే ఒక్క బోల్టు దాన్ని బిగించి ఉంచుతుంది, ఒక చిన్న డోవెల్ పిన్ను గేరు తన స్థానం నుండి జారి తిరగకుండా చూస్తుంది. ఇంజిన్‌లో వాల్వులను నడిపే క్యామ్‌షాఫ్ట్, స్పార్క్ ప్లగ్గులకు నిప్పురవ్వ పుట్టించే రెండు మాగ్నెటోలు, ఆయిల్ పంపు, ఇవన్నీ ఈ ఒక్క గేరు మీదే ఆధారపడి తిరుగుతాయి. ప్రొపెల్లర్ హఠాత్తుగా నిలిచినప్పుడు దానితోపాటు క్రాంక్‌షాఫ్టూ నిలుస్తుంది. కానీ క్యామ్‌షాఫ్టూ, మాగ్నెటోల లోపల తిరిగే బరువైన అయస్కాంతాలూ అదే వేగంతో ముందుకు పోవాలని చూస్తాయి. ఆ తోపుడంతా గేరు పళ్ల గుండా వచ్చి ఈ చిన్న పిన్ను మీద, ఆ ఒక్క బోల్టు మీద పడుతుంది. పిన్ను తెగనవసరం లేదు. కొద్దిగా నలిగినా, గేరు తన గూటిలో వెంట్రుకవాసి కదలడానికి వీలు చిక్కినా చాలు. ఆ తరువాత ఇంజిన్ తిరిగే ప్రతి గంటలోనూ గేరు అటూ ఇటూ రాపిడి పడుతూ గూటిని అరగదీస్తుంది, బోల్టు బిగువు సడలుతుంది. చివరికి పిన్ను తెగిన రోజున వాల్వుల టైమింగూ, నిప్పురవ్వా, ఆయిల్ పీడనమూ మూడూ ఒకేసారి పోతాయి. రెండు మాగ్నెటోలున్నాయి కదా, ఒకటి పోయినా రెండోది ఉంటుంది కదా అన్న ధైర్యం ఇక్కడ పనిచేయదు, ఆ రెంటినీ తిప్పేది ఈ ఒక్క గేరే కాబట్టి.

ఇందులో పైలట్‌ను మోసగించేది ఏమిటంటే, ఆ రోజు వచ్చేవరకూ ఇంజిన్ చక్కగా నడుస్తుంది. ఎగరేముందు ఇంజిన్‌ను నడిపి చూసే రన్-అప్ బాగుంటుంది, మాగ్నెటో పరీక్షలో ఆర్‌పీఎం తగ్గుదల మామూలుగానే ఉంటుంది, ఆయిల్ పీడనం పచ్చగీతలోనే ఉంటుంది. మాగ్నెటో టైమింగును క్రాంక్‌షాఫ్ట్ గుర్తుతో సరిపోల్చి చూడవచ్చు. టైమింగు పక్కకు తప్పి ఉంటే గేరు కదిలినట్టు లెక్క. కానీ టైమింగు తప్పకపోతే గేరు క్షేమంగా ఉన్నదని మాత్రం అర్థం కాదు. అందుకే ‘ఒకసారి స్టార్ట్ చేసి వణుకు ఉందేమో చూద్దాం’ అనే ప్రయోగానికి మీలో ఎవరూ పూనుకోవద్దు.

ఆదేశం కోరే పనిని ఎలా చేయాలో లైకమింగ్ 475సీ సంఖ్య సర్వీస్ బులెటిన్‌లో (తయారీదారు జారీచేసే సూచనల పత్రంలో) మెట్టుమెట్టుగా ఉంది. గేరును తీసి దాని పళ్లనూ, కూర్చునే ముఖాన్నీ, షాఫ్టు గూటినీ, పిన్నునూ, మరలనూ అరుగుదల కోసం, రాపిడి మచ్చల కోసం, తుప్పు కోసం చూస్తారు. తిరిగి బిగించేటప్పుడు మొదట కొంత బిగువు ఇచ్చి, ఇత్తడి కడ్డీని ఆనించి సుత్తితో గేరు చుట్టూ మెల్లగా తడుతూ శబ్దం వింటారు. గేరు గూటిలో పూర్తిగా కూర్చుంటే శబ్దం గట్టిగా, నిండుగా వస్తుంది. ఆ తరువాత అంగుళంలో వెయ్యో వంతు మందం ఉన్న ఫీలర్ గేజి మొనను గేరు మీది మూడు నొక్కుల దగ్గర గేరుకూ షాఫ్టుకూ మధ్య దూర్చడానికి ప్రయత్నిస్తారు. అది దూరకూడదు. దూరితే బిగించడం ఆపి కారణం వెతకాలి. పని చేయించేటప్పుడు వీలైతే మీరు దగ్గరుండి ఈ ఒక్క ఘట్టాన్ని చూడండి, అడ్డుపడకుండా.

ఇప్పుడు ఖర్చుకు సంబంధించిన ముఖ్యమైన విషయానికి వస్తాను. ఈ గేరు దగ్గరకు చేరాలంటే ఇంజిన్ వెనుక ఉండే యాక్సెసరీ హౌసింగ్ తీయాలి. అది తీయాలంటే మాగ్నెటోలు తీయాలి, అడుగున ఉన్న ఆయిల్ తొట్టిని (సంప్‌ను) దించాలి. 172లో ఈ వెనుక భాగమంతా ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య ఉండే అడ్డుగోడ (ఫైర్‌వాల్) వైపు ఇరుకులో ఉంటుంది, ఇంజిన్ మౌంటు కూడా అక్కడే పట్టుకుని ఉంటుంది. కాబట్టి ఆచరణలో ఇంజిన్‌ను విమానం నుండి దించాల్సిందే. ఏడీ మట్టుకే చేయించి ఊరుకుందామనుకునేవారు కూడా ఇంత దూరం రాక తప్పదు. దించి, సంప్ తీసి, వెనుక భాగం విప్పిన ఇంజిన్ బల్ల మీద ఉన్నప్పుడు, సిలిండర్లు తీసి క్రాంక్‌కేసును రెండుగా విడదీయడానికి పట్టే అదనపు శ్రమ మీరనుకునేంత ఎక్కువ కాదు.

లైకమింగ్ అభిప్రాయం కూడా అదే. 533 సంఖ్య సర్వీస్ బులెటిన్‌లో ఆ కంపెనీ చాలా కాలంగా చెబుతున్నది ఇంజిన్‌ను దించి, పూర్తిగా విప్పి, తిరిగే భాగాలన్నిటినీ పరీక్షించడమే అన్నిటికన్నా సురక్షితమని, అలా చేయకుండా నడిపించాలన్న నిర్ణయం తీసుకుంటే ఆ బాధ్యత విమానాన్ని సేవలోకి విడిచినవారిదేనని. తయారీదారు బులెటిన్ మీద ‘తప్పనిసరి’ అని అచ్చయి ఉన్నా, సొంత అవసరాలకు ఎగిరే మీవంటివారికి అమెరికాలో అది ఏడీ లాగా చట్టబద్ధమైన ఆదేశం కాదు. మీ మెకానిక్ బహుశా ఈ తేడానే మనసులో పెట్టుకుని మాట్లాడి ఉంటారు. తేడా నిజమే. అయినా మీ స్థానంలో నేనుంటే పూర్తిగా విప్పిస్తాను. కాంటినెంటల్ ఇంజిన్ అయి ఉంటే ఈ చర్చ కూడా అక్కరలేదు. ఆ కంపెనీ సూచనలు ప్రొపెల్లర్ స్ట్రైక్ తరువాత ఇంజిన్‌ను పూర్తిగా విప్పమనే చెబుతాయి.

విప్పిన తరువాత జరిగేదంతా చెప్పను గాని, క్రాంక్‌షాఫ్ట్‌కు జరిగే అయస్కాంత పరీక్ష గురించి చెప్పాలి, మీ డయల్ చూడలేనిదాన్ని చూసేది అదే కాబట్టి. మెకానిక్‌లు దీన్ని మాగ్నాఫ్లక్స్ అంటారు. శుభ్రంగా కడిగిన షాఫ్టును యంత్రం రెండు రాగి దవడల మధ్య బిగించి విద్యుత్తు పంపి అయస్కాంతంగా మారుస్తారు. సన్నని ఇనుప రజను కలిపిన, మెరిసే గుణమున్న ద్రవాన్ని దాని మీద పోస్తారు. పగులు ఉన్నచోట అయస్కాంత బలం బయటికి పొంగి రజనును తన చుట్టూ లాక్కుంటుంది. చీకటి గదిలో అతినీలలోహిత దీపం కింద అది పసుపుపచ్చని సన్నని గీతలా వెలుగుతుంది. మామూలు వెలుతురులో భూతద్దం పెట్టినా కనబడని పగులు అక్కడ దాగదు. కనెక్టింగ్ రాడ్లకూ, గేర్లకూ, ఉక్కుతో చేసిన తక్కిన భాగాలకూ ఇదే పరీక్ష. అల్యూమినియం క్రాంక్‌కేసుకు అయస్కాంతం పట్టదు కనుక దాన్ని రంగుద్రవం ఇంకించి చూస్తారు. ముఖ్యంగా ముందు బేరింగు గూటి చుట్టూ జాగ్రత్తగా చూడమని అడగండి. క్రాంక్‌షాఫ్ట్‌ను వీ-బ్లాకుల మీద పెట్టి పొడవునా వంపు కొలుస్తారు. మీ ఓ-320 షాఫ్టుకు వేలాడే ప్రతిభారాలు లేవు గనుక వాటి గుళ్లూ బుష్షులూ మార్చే పని తప్పింది. ఆరు సిలిండర్ల పెద్ద ఇంజిన్లున్న చాలామందికి ఆ అదృష్టం ఉండదు.

మీ ఇంజిన్ వయసును బట్టి ఇంకో మాట. ఓ-320కి లైకమింగ్ సూచించే ఓవర్‌హాల్ గడువు 2,000 గంటలు లేదా 12 ఏళ్లు, ఏది ముందైతే అది. మీది 1,640 గంటలూ 18 ఏళ్లూ. సొంత వినియోగంలో ఈ గడువు దాటడం చట్టవిరుద్ధం కాదు, చాలామంది దాటుతారు కూడా. కానీ ఇంజిన్ విప్పినప్పుడల్లా కొన్ని భాగాలను కొత్తవి వేయాలని 240 సంఖ్య బులెటిన్ చెబుతుంది. బేరింగులు, కనెక్టింగ్ రాడ్ల బోల్టులు, సీళ్లు, గ్యాస్కెట్ల వంటి వాటితో ఎలాగూ బిల్లు పెరుగుతుంది. తనిఖీకి, పూర్తి ఓవర్‌హాల్‌కు విడివిడిగా రెండు కొటేషన్లు తెప్పించుకుని చూడండి. తేడా మీరు భరించగలిగినంతైతే ఓవర్‌హాలే మంచిదని నా అభిప్రాయం. 18 ఏళ్ల నాటి క్యామ్‌షాఫ్టు మీద తుప్పు చుక్కలు బయటపడితే ఆ ప్రశ్నకు జవాబు ఇంజినే చెబుతుంది.

ఈ ఖర్చులో ఎంత బీమా కంపెనీ భరిస్తుందన్నది మీ పాలసీని బట్టి ఉంటుంది. విమానానికి హల్ బీమా (విమానానికి జరిగే నష్టానికి వర్తించే బీమా) ఉంటే, ప్రొపెల్లర్ కొట్టుకున్న సంఘటనను ప్రమాదంగా లెక్కించి ఇంజిన్ విప్పి చూసే ఖర్చునూ, ఆ దెబ్బ వల్ల చెడిన భాగాల ఖర్చునూ ఇవ్వడం సాధారణంగా జరుగుతుంది. కాలం గడిచి అరిగిన భాగాల ఖర్చు మాత్రం యజమాని మీదే పడుతుంది. మీరు ఇప్పటికే నెల ఆలస్యం చేశారు. మెకానిక్ ఇంకొక బోల్టు విప్పకముందే బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి, వారి మనిషి వచ్చి చూసేవరకు బ్లేడునూ, టో బార్‌నూ ఉన్నవున్నట్టు ఉంచండి, ఫోటోలు తీయండి. ‘ఏమీ కాలేదు’ అని మాట ఇచ్చేసి తరువాత ఇంజిన్ ఖర్చు అడిగితే ఏ కంపెనీ అయినా కనుబొమలు ఎత్తుతుంది.

బ్లేడు కొస మనమే సరిచేసుకుందామన్న మిత్రుడికి నా మాటగా చెప్పండి: వద్దు. అంచు మీది చిన్న చిన్న గంట్లను నునుపుగా సవరించడం మెకానిక్ చేయదగిన పనే. వంగిన బ్లేడును నిలబెట్టడం మాత్రం అనుమతి పొందిన ప్రొపెల్లర్ వర్క్‌షాపు పని. కొస నుండి ఎంత దూరంలో ఎంత కోణంలో వంగితే చల్లగా సరిచేయవచ్చో, ఎంత దాటితే ఆ బ్లేడు తుక్కు కిందికి పోవాలో వారి దగ్గర పట్టికలుంటాయి. వేడిచేసి వంచడం, పైపు తొడిగి వెనక్కి లాగడం వంటి పనులు లోహంలోనే పగులుకు పునాది వేస్తాయి. అలా పగిలిన కొస గాలిలో ఊడిపోతే పుట్టే అసమతుల్యత ఇంజిన్‌ను మౌంటు నుండి పెకలించగలదు. వర్క్‌షాపు వారు రెండు బ్లేడ్ల పొడవూ, కోణమూ, సమతూకమూ సరిచూసి, పగుళ్ల పరీక్ష చేసి ధ్రువపత్రం ఇస్తారు. పొడవు తగ్గించవలసి వస్తే కనీస వ్యాసం కంటే తగ్గకూడదు. మీ ప్రొపెల్లర్ ఇప్పటికే ఒకటి రెండుసార్లు సవరించినదైతే బాగుచేయడానికి ఏమీ మిగలకపోవచ్చు. ప్రొపెల్లర్ బోల్టులను పాతవే తిరిగి వాడనివ్వకండి.

అంతవరకూ విమానాన్ని హ్యాంగర్‌లో ఉంచి, ప్రొపెల్లర్‌నో, ఫ్లాంజ్‌నో చేత్తో తిప్పడం మానండి. దెబ్బకు మాగ్నెటో లోపలి భాగమో, దాని గ్రౌండ్ తీగో చెడి ఉంటే, స్విచ్ ఆపి ఉన్నా నిప్పురవ్వ పుట్టవచ్చు. మాగ్నెటోలను విప్పి లోపల చూడమనండి, స్టార్ట్ చేసేటప్పుడు మాగ్నెటోకు ఊపునిచ్చే ఇంపల్స్ కప్లింగును మరీ ముఖ్యంగా. వాక్యూమ్ పంపు కార్బన్ రెక్కలు పెళుసుగా ఉంటాయి, వాటినీ చూడాలి. ఇంజిన్ మౌంటు గొట్టాల అతుకులూ, రబ్బరు దిమ్మలూ, స్పిన్నర్ వెనుక పళ్లెమూ చూడాలి. ఎగిరిపడిన టో బార్ ఏమేమి తాకుతూ పోయిందో చాలామంది చూడనే చూడరు. ముందు చక్రపు ఫోర్కు, చక్రపు వణుకును ఆపే షిమ్మీ డ్యాంపరు, ఇంజిన్‌ను కప్పే కౌలింగ్ అడుగు భాగం, బార్ వెళ్లిన వైపు రెక్క కింది భాగం ఒకసారి లైటు వేసి చూడమనండి.

మీ బాబాయి కొడుకు మాట సారాంశంలో సరైనదే. బేగంపేటలోనో, నాదర్‌గుల్‌లోనో శిక్షణ విమానానికి ఇలా జరిగితే యజమాని తన అభిప్రాయం చెప్పే పరిస్థితే ఉండదు. సంగతి భారత విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకు చేరాలి, అనుమతి పొందిన నిర్వహణ సంస్థలో లైసెన్సున్న ఇంజినీరు పని చేసి సంతకం పెట్టాలి. ఇంజిన్ తయారైన దేశం జారీచేసిన ఏడీ అక్కడా పాటించవలసిందే. కాకపోతే ఏడీకీ, బులెటిన్‌కూ మధ్య తేడాను పరీక్షకు చదివేటప్పుడు అతను ఇంకొంచెం శ్రద్ధగా చూసుకోవాలి. అమెరికాలో మీరు రవాణా ప్రమాదాలను దర్యాప్తు చేసే ప్రభుత్వ సంస్థ ఎన్‌టీఎస్‌బీకి తెలియజేయాలా అన్నదానికి జవాబు, మీరు రాసిన వివరాల ప్రకారం, అక్కరలేదు. నేల మీద ప్రొపెల్లర్ బ్లేడ్లకు జరిగిన నష్టం, ఒకే ఇంజిన్‌కు పరిమితమైన నష్టం వారి నిబంధనల్లోని ‘గణనీయమైన నష్టం’ కిందికి రావు. ఎవరికైనా తీవ్రమైన గాయమైతే మాత్రం లెక్క మారుతుంది.

అమ్మకం సంగతి. కొనేవారికి చెప్పాలా అని అడగవలసిన అవసరం రాకూడదు, లాగ్‌బుక్కే చెప్పాలి. విమానం ఎగరదగిన స్థితిలో ఉండేలా చూసే ప్రాథమిక బాధ్యత నిబంధనల ప్రకారం యజమానులదే. మీరు ముగ్గురూ యజమానులే గనుక ‘మెకానిక్ సరేనన్నాడు’ అన్న మాట ఏ ఒక్కరినీ కాపాడదు. సంఘటన జరిగిన తేదీ, అప్పటి ట్యాకోమీటరు గంటలు, ఏమి తగిలింది, ఆర్‌పీఎం ఎంత అన్నవి ఇంజిన్ లాగ్‌బుక్‌లో రాయించండి. ప్రొపెల్లర్ లాగ్‌బుక్ విడిగా ఉంటే అందులోనూ రాయించండి. పని పూర్తయ్యాక మెకానిక్ రాసే నమోదులో ఏడీ 2004-10-14 అన్న సంఖ్య, ఏ బులెటిన్ ప్రకారం ఏ పద్ధతిలో పాటించారన్నది, తేదీ, గంటలు, కొత్తగా వేసిన బోల్టు, లాక్ ప్లేటు పార్టు నంబర్లు ఉండాలి. మాగ్నాఫ్లక్స్ చేసిన వర్క్‌షాపు ఇచ్చిన కాగితాలూ, ప్రొపెల్లర్ వర్క్‌షాపు ట్యాగూ అసలు ప్రతులే దాచుకోండి. రేపు కొనడానికి వచ్చినవారి మెకానిక్ మొదట తిరగేసేది ఆ పేజీలనే. అక్కడ ‘డయల్ చూశాం, పరిమితిలో ఉంది’ అని మాత్రమే రాసి ఉంటే, ఆయన ఇంజిన్ విప్పే ఖర్చును మీ ధరలోంచి తీసేసి బేరం మొదలుపెడతాడు.